చెరోకీల చిట్టా పుస్తకం

శ్రోతలకు నమస్కారం.

1880ల చివర్లో అమెరికాలోని నార్త్ కరోలినా కొండల్లో, చెరోకీలనే అక్కడి ఆదివాసుల్లో, ఒక నాటు వైద్యుడు ఉండేవాడు. పేరు అయూనీని. చెరోకీ భాషలో ఈతగాడని అర్థం. ఇంగ్లిషు రాదు. కాళ్లకు తోలుజోళ్లు, తలకు పాగా. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ తరఫున జేమ్స్ మూనీ అనే కుర్రాడు ఆ కొండలకు వెళ్లి, ఆయన దగ్గర కూర్చుని చెప్పిందల్లా రాసుకునేవాడు. మొక్కల పేర్లు చెప్పాడు, పాత కథలు చెప్పాడు. ఎలుగుబంటి వేట పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయాడు. ఒక్కో పాటకు వేటగాళ్లు ఐదేసి డాలర్ల దాకా ఇస్తారు, ఊరికే ఎలా చెప్పడం అన్నాడు.

ఈలోగా తోటి వైద్యులు ఆయనకేం తెలుసని పెదవి విరిచారు. ఆ మాట ఆయన చెవిన పడింది. పౌరుషం వచ్చింది. చిరిగిన కోటు లోపలి నుంచి ఓ పుస్తకం తీసి మూనీ ముందు పెట్టాడు, నాకు తెలుసో తెలియదో నువ్వే చూడమని.

అది ఎవరో తెల్లవాడి దగ్గర కొన్న చిట్టా పుస్తకం. షావుకార్లు రోజువారీ లెక్కలు రాసుకునే రకం. దాదాపు 240 పేజీలు. అందులో సగం దాకా చెరోకీ అక్షరాలు. చలిజ్వరానికి, కీళ్లనొప్పులకు, పీడకలలకు మంత్రాలు. మొక్కజొన్న ఏపుగా పెరగడానికి, గాలివాన పక్కకు మళ్లడానికి, మనసుపడ్డ మనిషి వశం కావడానికి కూడా. మూనీకి నోట మాట రాలేదు. బడి మొహం చూడని ఈ కొండమనిషి తన వైద్యమంతా తన భాషలో, తన లిపిలో, తన కోసమే రాసిపెట్టుకున్నాడు మరి! చివరికి ఆ పుస్తకం వాషింగ్టన్ చేరింది. బదులుగా ఆయనకు ఒక ఖాళీ పుస్తకం ఇచ్చారు, మంత్రాలన్నీ మళ్లీ ఎక్కించుకోవడానికి.

ఆ లిపి పుట్టింది అప్పటికి అరవై డెబ్బై ఏళ్ల కిందట. చేసినవాడు సిక్వోయా. వెండిపని చేసేవాడు, ఇంగ్లిషు చదవడం రాదు. కాగితం మీద గీతలు గీస్తే తెల్లవాళ్లకు దూరాన ఉన్న మనిషి మాట వినిపిస్తోంది కదా, మనకెందుకు వినిపించదు అన్నదే ఆయన పట్టుదల. 1821 నాటికి లిపి తయారైంది. మొదట 86 అక్షరాలు, తర్వాత 85. జనం నమ్మకపోతే, కూతురిని దూరంగా నిలబెట్టి, వాళ్లు చెప్పింది రాసి పంపి, ఆ పిల్ల చేత చదివించి చూపించాడని చెబుతారు.

అది మన గుణింతం లాంటిది కాదు. మనం గ రాస్తే చాలు, దానికే గుడి పెట్టి గి, కొమ్ము పెట్టి గు చేసుకుంటాం. సిక్వోయా అక్షరాల్లో గ, గి, గు మూడూ మూడు బొమ్మలు, వాటికి పోలికే ఉండదు. ఇంగ్లిషు డబ్ల్యూలా ఉండేది ల. డి లాంటిది అ. ఆర్ లాంటిది ఎ. ఇంగ్లిషు వచ్చినవాడు చదవబోతే నాలుక మడతపడుతుంది. చెరోకీ మాట్లాడేవాడు మాత్రం కొద్ది వారాల్లో నేర్చేసుకునేవాడు.

1828 ఫిబ్రవరి 21న జార్జియాలోని న్యూ ఎకోటాలో చెరోకీ ఫీనిక్స్ పత్రిక వచ్చింది. అచ్చు అక్షరాలు బోస్టన్‌లో పోత పోయించారు. సంపాదకుడు ఇలియాస్ బూడినాట్. ఒకే పుటలో చెరోకీ, ఇంగ్లిషు. చెరోకీలో ఉన్నది ఇంటివాళ్ల కోసం, ఇంగ్లిషులో ఉన్నది పొరుగువాళ్ల కోసం. మేమూ మనుషులమే, మాకూ చట్టాలున్నాయి, మా నేల మీద నుంచి మమ్మల్ని వెళ్లగొట్టకండి అని ఆ పొరుగువాళ్లకు చెప్పడానికి.

వాళ్లు వినలేదు. 1835 డిసెంబరులో జనం ఒప్పుకోకుండానే కొద్దిమంది చెరోకీలు కూర్చుని భూములన్నీ అమెరికా ప్రభుత్వానికి వదులుకునే ఒడంబడిక మీద సంతకాలు పెట్టారు. వాళ్లలో బూడినాట్ కూడా ఉన్నాడు. ఈ సంగతి దగ్గర నాకు ఎప్పుడూ మనసు కలుక్కుమంటుంది. సెనేట్‌లో అది గట్టెక్కింది ఒకే ఒక్క ఓటు తేడాతో. నాయకుడు జాన్ రాస్ పక్షాన 1838లో కాంగ్రెసుకు ఒక మహజరు వెళ్లింది. ఒడంబడిక మాకు సమ్మతం కాదంటూ అందులో పదిహేను వేలకు పైగా పేర్లు. 1835లో ప్రభుత్వం తీసిన జనాభా లెక్కలో ఆ ప్రాంతపు చెరోకీలు మొత్తం 16,542 మంది. అంటే చంకలోని పసిబిడ్డ పేరు కూడా ఎక్కి ఉండాలి. కాంగ్రెసు దాన్ని పక్కన పడేసింది. ఆ ఏడే సైన్యం వచ్చింది. పడమటికి నడిపించిన ఆ దారిలో, దానికి ముందు శిబిరాల్లో, పోయినవాళ్లు నాలుగు వేల దాకా ఉంటారని అంచనా. ఒడంబడిక మీద సంతకం పెట్టిన బూడినాట్‌ను 1839 జూన్‌లో సొంతవాళ్లే నరికి చంపారు.

ఆ మహజరు కాగితాలు ఇవాళ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో పదిలంగా ఉన్నాయి. చదవాల్సిన రోజున ఎవరూ పట్టించుకోని కాగితాన్ని ఇప్పుడు తేమ తగలకుండా కాపాడుతున్నారు.

చెరోకీల గురించి బయటివాళ్లు రాసినవీ తక్కువేం కాదు. మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు జర్మన్‌లో రాసుకున్న దినచర్యలున్నాయి. జాన్ హోవర్డ్ పేన్ అనే నాటకకర్త చెరోకీ ఆచారాలు సేకరిద్దామని రాస్ ఇంటికి వెళ్తే, 1835 నవంబరులో జార్జియా గార్డు అనే ఆ రాష్ట్రపు సాయుధ దళం ఇద్దరినీ పట్టుకుపోయింది, కాగితాలతో సహా! ఆయన పోగుచేసిన సంపుటాలు చికాగోలోని న్యూబెర్రీ లైబ్రరీలో ఉన్నాయి. విలువైనవే. కానీ నా కళ్లు మళ్లీ ఇళ్లలో దొరికిన కాగితాల వైపే పోతాయి.

మూనీకి ఇనాలి అనే ఆయన కాగితాలు దొరికాయి, ఆయన పోయాక. ఇనాలి మంత్రగాడు, పంచాయతీ పెద్ద, ఆదివారపు బడి పంతులు, మెథడిస్టు ప్రచారకుడు, అంతర్యుద్ధంలో సైన్యాధికారి కూడా. అన్నీ చేసి, చివరికి తాతల నాటి నమ్మకంతోనే కన్నుమూశాడు. ఆయన కాగితాల్లో యుద్ధం నుంచి సైనికులు చెరోకీలో రాసిన ఉత్తరాలున్నాయి. గహూనీ అనే ఇంకో వైద్యుడి పుస్తకంలో మంత్రాల పక్కనే బైబిల్ భాగం. ఏది ముందు, ఏది వెనక అన్న పేచీయే లేదు.

ఇక కాగితం కాని రాత ఒకటుంది. అలబామాలోని ఫోర్ట్ పేన్ ఊళ్లో మానిటూ గుహ. ఆ ఊరికి అప్పటి పేరు విల్స్‌టౌన్, సిక్వోయా ఉన్న చోటు. గుహలో చాలా లోపల గోడ మీద చెరోకీ అక్షరాల్లో 1828 ఏప్రిల్ 30 తేదీ, బంతాట జట్టు పెద్దల ప్రస్తావన ఉన్నాయి. వాళ్లకు ఆ ఆట వట్టి ఆట కాదు. ఆడేముందు నీళ్ల దగ్గర శుద్ధి, పూజ ఉండేవి. ఫీనిక్స్ మొదటి సంచిక వచ్చి అప్పటికి పది వారాలు కూడా కాలేదు. సిక్వోయా కొడుకు రిచర్డ్ గెస్ సంతకం కూడా ఆ గుహలో ఉంది. పదేళ్లు తిరిగేసరికి అదే ఊళ్లో సైన్యం కోట కట్టి చెరోకీలను పోగుచేసింది.

చెరోకీ పరిశోధకులు కూడా కలిసి చదివిన ఆ రాతల సంగతి 2019లో బయటికి వచ్చింది. గుహ పైకప్పు మీది కొన్ని వరుసలు మొదట అంతుపట్టలేదు. అక్షరాలన్నీ తిరగేసి ఉన్నాయి, అద్దంలో చూసినట్టు. కింద నిలబడి తలెత్తి చూసేవాళ్ల కోసం రాసినవి కావవి. రాతి లోపల ఉంటారని నమ్మే తాతముత్తాతలు అటువైపు నుంచి చదువుకోవడానికి రాసినవని పరిశోధకుల మాట. అక్కడ ఒక చోట ఇలా ఉంది: నేను మీ మనవణ్ణి.