ఒక సూది, ఇద్దరు హంతకులు

శ్రోతలకు నమస్కారం. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతి స్టేషన్‌లో రైలెక్కినవాళ్లకి ఆ తోపులాట తెలుసు. ఎవరి భుజం తగిలిందో చూసుకోం. ఏదో గుచ్చుకున్నట్టు అనిపించినా చెయ్యి రుద్దుకుని బోగీ వెతుక్కుంటాం. అమరేంద్ర కూడా అంతే చేశాడు.

1933 నవంబర్ 26. కలకత్తా పక్కన హౌరా స్టేషన్. ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న పాకూరు జమీందారీ వారసుడు అమరేంద్ర చంద్ర పాండే. ఇరవై ఏళ్లు దాటీ దాటని కుర్రవాడు. బంధువులతో కలిసి సొంతూరికి బయల్దేరాడు. ఖద్దరు కట్టుకున్న ఒక పొట్టి మనిషి అతన్ని రాసుకుంటూ పోయి జనంలో కలిసిపోయాడు. చేతికి ఏదో గుచ్చుకుందన్నాడు అమరేంద్ర. చూస్తే చిన్న సూది గాటు. వద్దు, ప్రయాణం మానుకో, రక్తం పరీక్ష చేయించుకో అన్నారు బంధువులు. పక్కనే ఉన్న అన్న బినయేంద్ర మాత్రం ఇంత చిన్నదానికి కంగారెందుకని కొట్టిపారేశాడు. రైలు కదిలింది. మూడు రోజుల్లో అమరేంద్ర కలకత్తాకి తిరిగొచ్చాడు. ఒళ్లు కాలిపోయే జ్వరం. డిసెంబర్ 4న చనిపోయాడు. ఆ తర్వాత వచ్చింది రక్తం రిపోర్టు. రక్తంలో ఉన్నది ప్లేగు క్రిమి.

ప్లేగు అంటే మా అవ్వకు చివరిదాకా భయమే. ఎలుక చచ్చి పడితే చాలు, ఊరు ఊరంతా ఖాళీ చేసి చేన్లలో కొట్టాలు వేసుకునేవాళ్లని చెప్పేది. అలాంటి జబ్బుని ఒక గాజు గొట్టంలో పట్టి, సూది మొనకు ఎక్కించి, ఒకే ఒక్క మనిషి మీదికి పంపారు. పంపినవాళ్లు ఇద్దరు.

మొదటివాడు ఆ అన్నే. తండ్రి ఒకరే, తల్లులు వేరు. ఆస్తిలో ఇద్దరికీ చెరి సగం. తమ్ముడు వయసుకొచ్చి తన వాటా అడిగాడు. ఈ సూదికి ముందు సంవత్సరమే, 1932లో, దేవ్‌ఘర్‌లో అన్న తమ్ముడి ముక్కుకు కొత్త కళ్లద్దాలు గట్టిగా నొక్కి పెట్టాడు. చర్మం చీరుకుంది. కొద్ది రోజులకే ధనుర్వాతం వచ్చింది. అప్పుడు వైద్యంతో బతికాడు. అన్న మాత్రం ఆగలేదు.

ఈ అన్న నాకు అర్థమవుతాడు. క్షమించను, కానీ అర్థమవుతాడు. చిత్తూరు కోర్టులో ఒక వకీలు దగ్గర చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. పంపకాల దావాలో ఎదురెదురుగా నిలబడిన అన్నదమ్ములు, పలమనేరు నుంచి ఒకే బస్సులో వచ్చి వేరువేరు సీట్లలో మొహాలు తిప్పుకుని కూర్చోవడం చూశాను. కొందరి కళ్లలో పగ చూసి నాకే వణుకొచ్చేది.

రెండోవాడు డాక్టర్ తారానాథ్ భట్టాచార్య. క్రిముల మీద పరిశోధన తెలిసినవాడు. అమరేంద్రతో అతనికి గట్టు తగాదా లేదు, వాటా లేదు, పగ లేదు. అయినా 1932 మేలోనే ప్లేగు క్రిములు కావాలని బొంబాయిలో క్రిముల మీద పరిశోధన చేసే హాఫ్‌కిన్ సంస్థకి తంతి కొట్టాడు. బెంగాల్ సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యాధికారి, అనుమతి తెమ్మన్నారు సంస్థవాళ్లు. ఆ మరుసటి ఏడు పరిశోధన పేరు చెప్పుకుని బొంబాయి ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి ల్యాబ్‌లోకి వెళ్లాడు. అక్కడ తెల్ల ఎలుకల మీద క్రిముల్ని పరీక్షించాడు. ఎలుకలు చచ్చాయి. పని అయిందనుకుని జూలైలో వచ్చేశాడు.

ఆ ఎలుకల్ని చూస్తూ నిలబడ్డ మనిషిని తలుచుకుంటే నాకు అన్న కంటే ఇతనే భయంకరంగా కనిపిస్తాడు. అన్నకి కోపం ఉంది. కోపం ఎప్పుడో ఒకప్పుడు చల్లారవచ్చు, పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడవచ్చు. పగే లేనివాడితో ఏ పెద్దమనిషి మాట్లాడతాడు? ఏమని మాట్లాడతాడు? ప్రాణం పోకుండా కాపాడటానికి నేర్చుకున్న చదువు అది. 1935లో కింది కోర్టు ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది. 1936లో కలకత్తా హైకోర్టు ఇద్దరికీ దాన్ని యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మార్చింది. చట్టం ఇద్దర్నీ ఒకే తక్కెడలో తూచింది. నేను తూచలేకపోతున్నాను.

ఇంతకీ వాళ్లు దొరికిందెలా? శవపరీక్ష జరగలేదు. దహనం అయిపోయింది. మిగిలింది ఆ రక్తం రిపోర్టు ఒక్కటే. వైద్యం చేసిన డాక్టరు మామూలు జ్వరమని వదిలేయకుండా రక్తం తీయించబట్టి కేసు నిలబడింది. అందుకే ఒక్కటి అడుగుతాను. జ్వరమొస్తే మాత్ర వేసుకుని పడుకోకండి. అంతకు ముందు ఏం గుచ్చుకుంది, ఏం కరిచింది, అన్నీ డాక్టరుకి చెప్పండి. రిపోర్టు కాగితాలు పారేయకండి, ఒక సంచిలో పెట్టి దాచండి. ఒక్క కాగితం లేక ఓడిపోయి, కోర్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చిన తల్లుల్ని నేను చూశాను.

ఇక ఆ రోజు హౌరాలో సూది గుచ్చిన ఖద్దరు మనిషి. పోలీసులు వెతికారు. దొరకలేదు.