వాగుకు అటూ ఇటూ: మోడ్లారాయిట్ ఊరి కథ

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, ఇంత ఎండలో, ఎక్కడో జర్మనీలో ఉన్న ఓ చిన్న పల్లె గురించి వినడానికి వచ్చారంటే ముందు మీ ఓపికకు దణ్ణం పెట్టాలి. మన గ్రంథాలయం కార్యదర్శిగారు "జర్మనీలో ఆరేళ్లు ఉన్నారు కదా, ఏదైనా చెప్పండి" అన్నారు. బెర్లిన్ గురించి, అక్కడి కార్ల గురించి మీకు నాకంటే ఎక్కువే తెలుసు. అందుకని నేను రెండుసార్లు పనిగట్టుకొని వెళ్లొచ్చిన ఒక ఊరి సంగతి చెప్తాను. జనాభా యాభై మంది. మన లెక్కలో అది ఊరు కాదు, ఒక సందు.

పేరు మోడ్లారాయిట్. ఆ ప్రాంతంలో "రాయిట్"తో ముగిసే ఊళ్లు చాలా ఉన్నాయి. పాశ్చాత్య సంగీతం వినేవాళ్లకు బైరాయిట్ పేరు తెలిసే ఉంటుంది. అడవి కొట్టి సాగులోకి తెచ్చిన నేల అని ఆ మాటకు అర్థం. మన చెవికి మాత్రం అందులో "రాయి" వినిపిస్తుంది. నాకు అదే బాగుంది, ఎందుకంటే ఈ ఊరి కథ నిజంగానే రాళ్లతో మొదలవుతుంది.

ముందు ఎక్కడుందో చూద్దాం. మ్యూనిక్ నుంచి బెర్లిన్‌కు పోయే పెద్ద హైవే ఉంది కదా, దాని మీద సుమారు సగం దూరం వెళితే హోఫ్ అనే పట్టణం వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరంగా పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో. ఎత్తైన నేల, చలి ఎక్కువ. జర్మనీ దక్షిణాన ఉన్న బవేరియా రాష్ట్రంలో ఇదొక మూల. మిగతా బవేరియావాళ్లు ఆ మూలను "బవేరియా సైబీరియా" అని ఆటపట్టిస్తారు. నేను మొదటిసారి మార్చి నెలాఖరున వెళ్లాను. మ్యూనిక్‌లో పూలు పూస్తున్నాయి, ఇక్కడ పొలాల్లో ఇంకా మంచు కరగలేదు. చుట్టూ ఎగుడుదిగుడు పచ్చిక, నల్లగా కనిపించే అడవి, మధ్యలో పల్లంలో కొన్ని పెంకుటిళ్లు, గడ్డివాములు పెట్టుకునే పెద్ద పెద్ద కొట్టాలు, ఒక చెరువు. ఇళ్ల మధ్య నుంచి ఒక వాగు పోతుంది. దాని పేరు టాన్‌బాఖ్. వాగు అన్నాను గానీ, చాలాచోట్ల మన పిల్లకాలువంత కూడా ఉండదు. కాస్త పొడుగు కాళ్లున్నవాళ్లు ఒక్క అంగలో దాటేస్తారు. ఇవాళ్టి కథంతా ఈ ఒక్క అంగ గురించే.

ఆ వాగు చాలాకాలంగా రెండు సంస్థానాల మధ్య హద్దు. నెపోలియన్ కాలంలో చుట్టుపక్కల రాజ్యాలన్నీ చేతులు మారాయి. 1810లో బైరాయిట్ సంస్థానం బవేరియా రాజ్యంలో కలిసింది. అదే ఏడు వాగు వెంట హద్దురాళ్లు పాతారు. ఒక వైపు "కె.బి." అని చెక్కారు, అంటే బవేరియా రాజ్యం. రెండో వైపు "ఎఫ్.ఆర్.", అంటే రాయిస్ సంస్థానం.

ఈ రాయిస్ రాజుల గురించి ఒక ముక్క చెప్పకుండా ముందుకు పోలేను. ఆ వంశంలో మగపిల్లాడు ఎవరు పుట్టినా పేరు హైన్రిఖే. అన్నకూ అదే, తమ్ముడికీ అదే, పినతండ్రి కొడుక్కీ అదే. తేడా తెలియడానికి నంబర్లు. రాజైనా కాకపోయినా నంబరు పడాల్సిందే. ఆ పక్కనే ఉన్న లోబెన్‌స్టైన్ ప్రాంతాన్ని ఏలి, 1848లో గద్దె దిగినాయన 72వ హైన్రిఖ్! వాళ్ల ఇంట్లో భోజనానికి ఎలా పిలుచుకునేవాళ్లో నాకిప్పటికీ అర్థం కాదు.

సరే, రాళ్లు పాతారు. దానితో ఊళ్లో ఏం మారింది? ఏమీ మారలేదు. అటువాళ్లు ఒక రాజుకు పన్ను కట్టారు, ఇటువాళ్లు ఇంకొకరికి. బడి రాయిస్ వైపు ఉంది, ఊరి పిల్లలంతా అక్కడికే వెళ్లారు. బీరు తాగే చోటు కూడా ఆ వైపే, మగవాళ్లంతా సాయంత్రం అక్కడే చేరేవాళ్లు. చర్చి మాత్రం బవేరియా వైపున్న ట్యోపెన్ అనే పక్క ఊళ్లో ఉంది. ఆదివారం అందరూ అటు నడిచేవాళ్లు. పెళ్లిళ్లు వాగు దాటి జరిగాయి, పొలాలూ వాగుకు రెండు వైపులా ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రాజులు పోయారు. 1920లో రాయిస్ నేల థురింగియా రాష్ట్రంలో కలిసింది. అప్పుడూ ఊరికి తేడా తెలియలేదు. మన దగ్గర జానెడు గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. అక్కడ రెండు రాజ్యాల గట్టు ఊరి మధ్యలో ఉన్నా 1810 నుంచి నూటముప్పై ఏళ్లకు పైగా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఇక్కడ కాస్త నిదానిస్తాను, ఎందుకంటే అసలు మలుపు ఊళ్లో జరగలేదు, లండన్‌లో జరిగింది. యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1944 సెప్టెంబర్‌లో, ఓడిపోబోయే జర్మనీని ఎలా పంచుకోవాలో మిత్రదేశాల ప్రతినిధులు అక్కడ కూర్చొని రాసుకున్నారు. కొత్త గీతలు గీసే తీరిక లేదు. పాత రాష్ట్రాల, జిల్లాల హద్దులే తీసుకున్నారు. థురింగియా సోవియట్‌లకు, బవేరియా అమెరికాకు. ఆ మ్యాపు మీద మోడ్లారాయిట్ పేరైనా కనిపించి ఉండదు. యుద్ధం చివర్లో అమెరికా సైన్యం థురింగియా లోపలికి చాలా దూరం వచ్చేసింది. కానీ ఒప్పందం ఒప్పందమే. 1945 జూలై మొదటి వారంలో వాళ్లు వెనక్కి తగ్గి థురింగియాను సోవియట్‌లకు అప్పగించారు. బెర్లిన్‌లో తమ వంతు భాగం తీసుకున్నారు. ఒక హైన్రిఖ్ పొలానికి గుర్తుగా పాతిన రాయి, అలా ప్రపంచాన్ని రెండు ముక్కలు చేసిన గీతలో భాగమైపోయింది.

1949లో రెండు జర్మనీలు ఏర్పడ్డాయి. వాగుకు ఇటు పశ్చిమ జర్మనీ, అటు తూర్పు జర్మనీ. అప్పటికింకా పాసు చూపించో, కాపలావాళ్ల కళ్లుగప్పో జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. తలుపు మూసుకుపోయింది 1952లో. ఆ ఏడు మే 26న తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దు వెంట మూడు పట్టీలు ప్రకటించింది. గీత పక్కనే పది మీటర్ల వెడల్పున నేలను దున్ని చదును చేశారు. ఎందుకంటే, ఎవరైనా నడిస్తే అడుగుల జాడ కనిపించాలి. విత్తనం వెయ్యడానికి కాక మనిషి పాదం పట్టుకోవడానికి దున్నిన మడి అది. దాని వెనుక 500 మీటర్ల పట్టీ, ఆ వెనుక ఐదు కిలోమీటర్ల నిషేధిత ప్రాంతం. మోడ్లారాయిట్ తూర్పు సగం మొత్తం ఆ 500 మీటర్ల లోపే ఉంది. చీకటి పడ్డాక ఇల్లు దాటకూడదు. బయటి ఊరి చుట్టం రావాలంటే పర్మిషన్ కావాలి, చాలాసార్లు అది దొరకదు.

జూన్‌లో లారీలు వచ్చాయి. ప్రభుత్వం నమ్మలేనివాళ్ల జాబితాలు తయారుచేసి, సరిహద్దు ఊళ్ల నుంచి వేల కుటుంబాలను దేశం లోపలికి తరలించింది. కొద్ది గంటల్లో మూటాముల్లె సర్దుకోవాలి. ఆ పనికి అధికారుల కాగితాల్లో ఉన్న పేరు "ఆపరేషన్ పురుగులు". పంటకు పట్టిన చీడ అన్న అర్థంలో. 1961లో రెండో విడత జరిగినప్పుడు "నీలి పువ్వు" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. మొదటి పేరే నయమనిపిస్తుంది నాకు, కనీసం మనసులో మాట దాచుకోలేదు. రెండు విడతల్లో కలిపి సరిహద్దు పొడవునా పదివేల మందికి పైగా ఇళ్లు పోగొట్టుకున్నారు. మోడ్లారాయిట్‌లోనూ కుటుంబాలు వెళ్లిపోయాయి.

గోడ ఒక్కరోజులో లేవలేదు. మొదట చెక్కల దడి కట్టారు, మనిషి తల మీదుగా చూడలేనంత ఎత్తున. తర్వాత ముళ్లకంచె. 1966లో కాంక్రీటు గోడ. పొడవు 700 మీటర్లు, ఎత్తు పదకొండు అడుగుల దాకా. వాచ్ టవర్, ఫ్లడ్ లైట్లు, కుక్కలు. అమెరికా సైనికులు ఈ ఊరికి "లిటిల్ బెర్లిన్" అని పేరు పెట్టారు. ఒక తేడా ఉంది. బెర్లిన్ లక్షల మంది ఉన్న నగరం, అవతలివాడు ఎవరో మీకు తెలియకపోవచ్చు. ఇక్కడ అవతల ఉన్నది మీ మేనత్త. ఆమె పొయ్యి వెలిగిస్తే పొగ కనిపిస్తుంది. అయినా తూర్పు వైపువాళ్లు చెయ్యి ఊపకూడదు, పలకరించకూడదు. పడమటి వైపు నుంచి ఎవరైనా చెయ్యి ఊపితే తల దించుకొని పోవాల్సిందే.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన విషయం ఇంకొకటుంది. పడమటి వైపుకు బస్సుల్లో జనం వచ్చేవాళ్లు. గట్టు మీద నిలబడి, బైనాక్యులర్లు పెట్టుకొని, గోడ అవతల కోళ్లకు మేత వేస్తున్న ఆడమనిషిని చూసేవాళ్లు. జాలితోనే చూసేవాళ్లు, అది నిజం. కానీ ఆమె తిరిగి చూడకూడదు కదా. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్, అంటే పెద్ద బుష్, కూడా అక్కడికే వచ్చి చూసి వెళ్లాడు. అమెరికా అధ్యక్షుడు కెనెడీ అంతకుముందెప్పుడో బెర్లిన్‌లో "నేనూ బెర్లిన్ వాణ్ణే" అన్న మాటను అనుకరిస్తూ "నేనూ మోడ్లారాయిట్ వాణ్ణే" అన్నాడట.

1972లో రెండు జర్మనీల మధ్య ఒప్పందం కుదిరాక పశ్చిమాన సరిహద్దు జిల్లాలవాళ్లు తూర్పుకు వెళ్లి చుట్టాలను చూసే వీలు కలిగింది. కానీ మోడ్లారాయిట్ తూర్పు సగం 500 మీటర్ల పట్టీలో ఉంది కాబట్టి పడమటివాళ్లెవరినీ అందులోకి రానివ్వరు. వాగు అవతలి అత్తను చూడాలంటే హైవే మీది చెక్‌పోస్టు దాకా వెళ్లి, సరిహద్దు దాటి, ఇంకేదో పట్టణంలో కలుసుకోవాలి. ఒక్క అంగ దూరానికి ఒక రోజు ప్రయాణం.

ఎవరూ పారిపోలేదా అంటే, గోడ దాటి తప్పించుకున్నవాడు ఒకడున్నాడు. 1973 మే 25 రాత్రి. 34 ఏళ్ల డ్రైవరు, ఆ పట్టీలో తిరగడానికి పాసున్నవాడు. సొంతంగా నిచ్చెన తయారుచేసుకొని, బండిలో గోడ దాకా వచ్చి, నిచ్చెన వేసి అవతలికి దూకేశాడు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను, మీకు తెలిసినవే. 1989 అక్టోబర్ 1న, పశ్చిమానికి పోదామని ప్రాగ్ చేరుకున్న తూర్పు జర్మన్లను అక్కడి నుంచి మోసుకొచ్చిన రైళ్లు ఆగింది మనం ఇందాక చెప్పుకున్న హోఫ్ స్టేషన్‌లోనే. నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఊరంతా టీవీలో చూసింది. కానీ వాళ్ల గోడ మాత్రం అలాగే ఉంది! పక్కింటికి వెళ్లాలంటే ఇంకా చుట్టూ తిరిగే పోవాలి. నెల రోజులకు, డిసెంబర్ 9న, గోడకు దారి పెట్టారు, నడిచి దాటేందుకు మాత్రమే. విచిత్రమేమిటంటే సరిగ్గా అదే రోజు హోఫ్‌లో రెండు వైపుల ప్రకృతి ప్రేమికులు కలుసుకున్నారు. మనుషులు అడుగుపెట్టని ఆ పట్టీలో నలభై ఏళ్లుగా పక్షులూ మొక్కలూ పెరిగాయి, దాన్ని అలాగే కాపాడాలని తీర్మానం చేశారు. ఇవాళ దాదాపు 1,400 కిలోమీటర్ల పొడవున ఉన్న "పచ్చని పట్టీ" అక్కడే మొదలైంది. 1990 జూన్ 17న బుల్డోజర్ వచ్చి గోడను కూల్చింది. సుమారు వంద మీటర్ల ముక్కను మాత్రం ఉంచారు. అదీ, టవరూ, కంచె కలిపి ఇప్పుడు మ్యూజియం.

వచ్చినవాళ్లంతా ఆ తెల్లటి గోడ ముందు ఫోటో దిగి పోతారు. నేనూ దిగాను. రెండోసారి వెళ్లినప్పుడు మాత్రం వాగు గట్టున ఉన్న రాయి దగ్గర కూర్చున్నాను. మోకాలెత్తు కూడా లేదు. అక్షరాల గాడుల్లో నాచు పట్టింది, గోటితో గీకితే తప్ప కనిపించలేదు. గోడ పోయింది గానీ ఆ రాయి చెప్పే హద్దు ఇంకా చెల్లుతోంది. ఇది చాలామందికి తెలియదు. జర్మనీ ఒకటైనా మోడ్లారాయిట్ ఒకటి కాలేదు. ఒక సగం బవేరియాలో ట్యోపెన్ కింద, రెండో సగం థురింగియాలో గెఫెల్ అనే పట్టణం కింద. ఇద్దరు మేయర్లు, రెండు పిన్ కోడ్‌లు, రెండు ఎస్టీడీ కోడ్‌లు. ఇంటి ముందు కారు నంబర్ ప్లేటు మీద ఇటు "హెచ్.ఓ.", అటు "ఎస్.ఓ.కె.". ఇటువాళ్లు "గ్రూస్ గాట్" అని దేవుడి పేరుతో పలకరిస్తారు, అటువాళ్లు "గూటెన్ టాగ్" అంటారు.

ఊరిని కలిపెయ్యొచ్చు కదా అని నాకూ అనిపించింది. అక్కడ నాకు కాఫీ ఇచ్చిన పెద్దాయన నవ్వాడు. "గీత మాకు ఎప్పుడూ అడ్డం కాలేదు, మా తాతల కాలం నుంచీ ఉన్నదే" అన్నాడు. ఆయన కాఫీ తాగి, కాలువ మీది చిన్న వంతెన దాటి, వేరే రాష్ట్రంలో ఉన్న తన ఇంటికి వెళ్లిపోయాడు. ఇరవై అడుగులు వేశాడేమో.

సెలవులు కూడా వేరే. జనవరి 6 బవేరియాలో సెలవు, థురింగియాలో కాదు. సెప్టెంబర్ 20 బాలల దినోత్సవం, 2019 నుంచి థురింగియాలో ఆ రోజు సెలవు. ఆ పూట వాగుకు అటు పిల్లలు చెరువు గట్టు మీద ఆడుకుంటుంటే, ఇటు పిల్లలు సంచులు తగిలించుకొని బస్సు కోసం నిలబడాల్సిందే.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. టీ కూడా వచ్చినట్టుంది. నా దగ్గర ఆ రాయి ఫోటోలు నాలుగున్నాయి, బల్ల మీద పెడుతున్నాను, చూడండి.