ఈసీజీ నార్మల్ అన్నాక కూడా...

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్న పెద్దల్లో చాలామంది పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడిచేవాళ్లే. కాస్త వేగం పెంచితే ఛాతీ బరువెక్కి, ఆగితే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతోందా? గ్యాసే అనుకుని గోలీ వేసుకుని వదిలేస్తున్నారా?

ఎనుమాములలో మిర్చి బస్తాలు మోసే హమాలీ ఒకాయనకు ఇలాగే ఉందనుకోండి. ఆస్పత్రికి వస్తాడు. పడుకోబెట్టి ఈసీజీ తీస్తాం, నార్మల్. ఎకో, అంటే గుండె అల్ట్రాసౌండ్ కూడా నార్మల్. 'నాకేం లేదట' అని మళ్లీ బస్తా ఎత్తుతాడు. నొప్పి వచ్చేది బరువు మోసేటప్పుడు, మనం చూసింది పడుకున్నప్పుడు!

గుండెకు రక్తం తెచ్చే నాళం సగం పూడినా, విశ్రాంతిలో ఉన్న గుండెకు రక్తం చాలుతుంది. లోపలి సన్న నాళాలు విప్పారి లోటు సర్దేస్తాయి. పూడిక 80, 90 శాతానికి చేరేదాకా విశ్రాంతిలో ప్రవాహం పెద్దగా తగ్గదు. పాకాల కాలువ కింద పొలం ఉన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. చివరి మడికి నీళ్లు చాలవని తెలిసేది వరి పొట్టకొచ్చినప్పుడే.

కాబట్టి గుండెతో పని చేయించి చూడాలి. నడవగలిగితే ట్రెడ్‌మిల్, మోకాళ్లు సహకరించకపోతే గుండె నాళాలను విప్పే మందు నరంలోకి ఎక్కిస్తాం. ఆ సమయంలోనే కొద్దిగా రేడియోధార్మిక పదార్థం కూడా ఎక్కిస్తాం. దీన్నే మనవాళ్లు 'థాలియం స్కాన్' అంటారు గానీ ఇప్పుడు ఎక్కువగా వాడే పదార్థం టెక్నీషియం. దాని రేడియోధార్మికత 6 గంటల్లో సగమవుతుంది. రక్తం అందిన గుండె కండరం దాన్ని పీల్చుకుంటుంది, కెమెరా శ్రమకు ఒకటి, విశ్రాంతికి ఒకటి ఫొటో తీస్తుంది. శ్రమలో మసకగా ఉండి విశ్రాంతిలో వెలిగితే, కండరం బతికే ఉంది, రక్తమే చాలట్లేదు. రెండుసార్లూ మసకే అయితే చాలావరకు అది పాత గుండెపోటు మచ్చ. ఈ స్కానూ ఒక్కోసారి బోల్తా కొడుతుంది. గుండె మూడు ప్రధాన నాళాలూ ఒకేలా పూడితే అంతటా సమానంగా తగ్గి, బొమ్మ బాగున్నట్టే కనిపించొచ్చు.

సీటీ యాంజియోగ్రామ్ వేరు. అది నాళంలో పూడికను చూపిస్తుంది. ఆ పూడిక వల్ల కండరానికి రక్తం తగ్గిందా అన్నది మామూలుగా అందులో తెలియదు.

మసక కనిపించగానే 'స్టెంట్ ఎప్పుడు?' అని అడుగుతారు. 2020లో ఫలితాలు అచ్చయిన 'ఇస్కీమియా' అధ్యయనంలో 5,179 మంది ఉన్నారు. జబ్బు నిలకడగా ఉన్నవాళ్లలో ముందే స్టెంటో బైపాసో చేసినందువల్ల మరణాలు తగ్గలేదు. నొప్పి మాత్రం బాగా తగ్గింది. ఎడమవైపు ప్రధాన నాళం పూడినవాళ్ల సంగతి వేరు, వాళ్లను అందులో చేర్చలేదు.

ఏ లక్షణమూ లేకుండా, ప్యాకేజీలో ఉంది కదా అని ఈ స్కాన్ చేయించుకోవడం నాకు నచ్చదు. ఇక కూర్చున్నా తగ్గని నొప్పి, చెమటలు ఉంటే స్కాన్ల జోలికే పోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

మందుతో చేసే పరీక్షైతే ఆస్తమా ఉన్న సంగతి ముందే చెప్పండి. బీపీ గోలీలు ఆపాలా వద్దా అన్నది మీ డాక్టర్ చెప్పాలి, పక్కింటాయన కాదు. ముందురోజు నుంచే చాయ్, కాఫీ బంద్. అందులోని కెఫీన్ నాళాలను విప్పే మందుకు అడ్డుపడుతుంది. ఒక్క కప్పే కదా అని తాగి వస్తే, ఆ రోజుకు వాపసు పంపాల్సిందే. ఇక మీరు అడగండి.