సాండింగ్ సీలర్ వేయాలా, వద్దా? రెండు రకాలూ వాడి చూశాను

నమస్తే అండీ. ముందు ఈ మామిడి కర్ర గిన్నె చూడండి. తరిమెన (లేత్ మిషన్) మీద నేనే పట్టాను. ఎడమ సగానికి పాలిష్‌కి ముందు పూసే సాండింగ్ సీలర్ వేశాను, కుడి సగానికి వేయలేదు. పైన పాలిష్ రెండు వైపులా ఒకటే, మూడు కోట్లు (పూతలు). ఎడమ వైపు అంతా ఒకే మెరుపు. కుడి వైపు ఇక్కడ నిగనిగలాడుతోంది, పక్కనే వెలిసిపోయినట్టు మచ్చ.

గుండ్రటి గిన్నెలో నార, అంటే కర్రలోని పోగులు, అన్ని చోట్లా ఒకేలా ఉండదు. చుట్టూ తిప్పి చూస్తే రెండు చోట్ల అడ్డంగా తెగి ఉంటుంది. అక్కడ కర్రలోని సన్నటి గొట్టాల నోళ్లు తెరుచుకుని, పోసిన పాలిష్‌నంతా తాగేస్తాయి. సీలర్ ఆ నోళ్లు మూస్తుంది. పైకి లేచిన నూగును కూడా గట్టిపరుస్తుంది, అప్పుడు ఎమరీ పేపర్‌కి తేలిగ్గా తెగిపోతుంది.

మొదటిది పెయింట్ షాపుల్లో దొరికే ఎన్‌సీ సాండింగ్ సీలర్. ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్, దాంతో చేసిన సీలర్ అన్నమాట. దీంట్లో స్టియరేట్ అనే సబ్బులాంటి మెత్తటి పొడి ఉంటుంది, అది అడుగుకి దిగుతుంది కాబట్టి డబ్బా బాగా కలపాలి. ఆ పొడి వల్లే రుద్దినప్పుడు టాల్కం పౌడర్‌లా రాలుతుంది, పేపర్‌కి అంటుకోదు. మొదట్లో నేను డబ్బాలోది చిక్కగా అలాగే పూసేశాను. పైన ఆరింది, లోపల మెత్తగా ఉండిపోయింది. రుద్దితే జిగురులా ఉండలు కట్టింది. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది, ఒక రోజు పని పోయింది. ఇప్పుడు సీలర్ సగం, ఎన్‌సీ థిన్నర్ సగం కలుపుతున్నాను. మిషన్ ఆపి పూస్తాను, వెంటనే టిష్యూ పేపర్‌తో మిగులు తుడిచేస్తాను. దయచేసి తిరిగే మిషన్ దగ్గర గుడ్డ పెట్టకండి, చుట్టుకుంటే వేళ్లు పోతాయి. అరగంట ఆగి 320 నంబర్ పేపర్‌తో తేలిగ్గా రుద్దితే చాలు.

దీని వాసన చాలా ఘాటు, త్వరగా మంట అంటుకుంటుంది కూడా. కిటికీలు తెరిచి, మాస్క్ పెట్టుకుని, పొయ్యికి దూరంగా చేయండి.

రెండోది లక్క. నాకు ఎక్కువ ఇష్టం ఇదే. 100 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో 12 గ్రాముల చపడా (లక్క రేకులు) వేసి రాత్రంతా నానబెట్టండి. మామూలు చపడాలో మైనం ఉంటుంది. సీసా కదపకుండా కొన్ని రోజులు ఉంచితే అది అడుగున చేరుతుంది, పైన తేరిన ద్రవం వంచుకోవాలి. మీరు పైన పాలీయురెథేన్ వార్నిష్ వేసేట్టయితే ఇలా మైనం తీసేయడం తప్పనిసరి, మైనం మీద అది సరిగా పట్టదు. స్టియరేట్ ఉన్న సీలర్‌తోనూ అదే ఇబ్బంది, డబ్బా మీద పర్వాలేదని రాసి ఉంటే తప్ప వేయకండి. లక్కతో తెల్ల కర్రకి కొద్దిగా తేనె రంగు వస్తుంది. నాకది అందంగానే ఉంటుంది.

ఇదిగో, ఈ కుంకుమ భరిణె లోపల లక్కే వేశాను. సీలర్ లేని భరిణెలో కుంకుమ ఎరుపు కర్రలోకి దిగిపోతుంది, ఎంత తుడిచినా పోదు. కానీ మూత అంచుకి పలచటి ఒక్క కోటే వేయండి. రెండు కోట్లు వేస్తే మూత బిగుసుకుపోతుంది, మా అమ్మ భరిణెకి అలాగే అయింది.

ఏటికొప్పాక బొమ్మలకి సీలర్ వేస్తారా అని మీలో కొందరికి అనిపించవచ్చు. అక్కడి పద్ధతే వేరు. తిరుగుతున్న అంకుడు కర్రకి రంగు లక్కను ఒత్తిపెడతారు, రాపిడి వేడికి అది కరిగి కర్రను పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. నోళ్లు మూసేదీ మెరుపు ఇచ్చేదీ ఆ లక్కే, వేరే సీలర్‌కి అక్కడ చోటే లేదు.

నూనె పాలిష్ చేసేవాళ్లు కూడా సీలర్ జోలికి వెళ్లకండి. నూనె కర్రలోకి ఇంకాలి, దారి మూసేస్తే పైనే జిడ్డుగా నిలిచిపోతుంది. అన్నం, ఉప్పు పెట్టుకునే గిన్నెలకి నేను నూనే వాడతాను.

ఎన్‌సీ కొనాలనుకుంటే వానలు తగ్గాక మొదలుపెట్టండి. గాలిలో తేమ ఎక్కువుంటే ఆరేటప్పుడు తెల్లగా మసక పడుతుంది. ఈ గిన్నె అడుగున ఆ మసక ఇంకా ఉంది, కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి.