డేటింగ్ యాప్‌లో తొందరపడేది ఎవరు?

నమస్తే అండి. మొన్న మా ఫ్రెండ్ ఒకడు ఫోన్ నా చేతిలో పెట్టి, "ఒరేయ్, డేటింగ్ యాప్‌లో చేరి నెలయింది, ఒక్క మ్యాచ్ లేదు, చూడు" అన్నాడు. మ్యాచ్ అంటే ఇద్దరూ ఒకరినొకరు నచ్చారని నొక్కడం లెండి. చూశాను. ఐదు ఫోటోలు. రెండింట్లో నల్ల కళ్లద్దాలు, ఒకటి ఎవరి పెళ్లిలోనో దిగిన గ్రూప్ ఫోటో, ఒకటి ఆఫీసు ఫోటో, ఐదోదాంట్లో వీడు లేడు, బైకు ఉంది. బయోలో "సింపుల్‌గా ఉంటాను, మ్యూజిక్ ఇష్టం". ఇది చూసి ఎవరైనా ఏమని మెసేజ్ పెడతారు చెప్పండి? అదే "రెండు నెలల నుంచి గిటార్ నేర్చుకుంటున్నా, పక్కింటివాళ్లు ఇంకా ఓర్చుకుంటున్నారు" అని రాశాడనుకోండి, అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

నాకు అసలు టెన్షన్ వచ్చింది ఆ ఆఫీసు ఫోటోతో. లింక్డ్‌ఇన్‌లోనూ అదే పెట్టాడు. వాడి ముందే స్క్రీన్‌షాట్ తీసి, ఫోటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో వేశాను. నిమిషం కూడా పట్టలేదు. ఇంటిపేరు, పనిచేసే కంపెనీ, హోదా, అన్నీ వచ్చేశాయి. యాప్‌లో వాడు రాసుకున్నది ముద్దుపేరు మాత్రమే! అందుకే ఇంకెక్కడా పెట్టని ఫోటోలు కొత్తగా తీసుకోండి. వెనకాల ఇంటి నంబరు, మెడలో ఐడీ కార్డు కనపడనివ్వకండి. ఎదుటివాళ్ల ఫోటోనీ ఇలాగే వెతికి చూడండి. అదే ముఖం వేరే పేరుతో కనిపిస్తే ఇక అక్కడితో వదిలేయండి.

మీరెంత దూరంలో ఉన్నారో చూపించే సెట్టింగ్ ఉంటుంది, వీలైతే అది ఆపేయండి. టిండర్ అనే డేటింగ్ యాప్‌లో ఒకప్పుడున్న లోపాన్ని 2014లో సెక్యూరిటీ పరిశోధకులు బయటపెట్టారు. మూడు చోట్ల నుంచి దూరం కొలిస్తే మనిషి ఎక్కడున్నదీ దాదాపు తేలిపోయేది. వాళ్లు బయటపెట్టేసరికే దాన్ని సరిచేశారనుకోండి.

ఇక మోసాల సంగతి. మోసగాళ్లకు తొందరెక్కువ. పరిచయమై మూడు రోజులు కాదు, "ఈ యాప్ నేను పెద్దగా చూడను, వాట్సాప్‌కి వచ్చేయ్" అంటారు. బయటికి వెళ్లాక అక్కడ జరిగేది యాప్‌వాళ్లకు కనపడదు, వాళ్లకు కావాల్సిందీ అదే. వారం తిరక్కుండానే ప్రేమ. వీడియో కాల్ అడిగితే కెమెరా పాడైంది. ఆ తర్వాత మెల్లగా క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ లాంటి ఆన్‌లైన్ కరెన్సీలో డబ్బు పెట్టే మాట వస్తుంది. మొదట కొంచెం పెట్టిస్తారు, లాభం చూపిస్తారు, ఆ కాస్తా వెనక్కి తీసుకోనిస్తారు కూడా! నమ్మకం కుదిరాక పెద్ద మొత్తం వేయిస్తారు, ఇక అది రాదు. చైనీస్‌లో దీనికి పెట్టిన పేరుకి అర్థం, పందిని మేపి కోయడం. మాట మోటుగా ఉన్నా జరిగేది సరిగ్గా అదే. కొందరు డబ్బు ఊసే ఎత్తరు, వీడియో కాల్‌లో బట్టలు విప్పమంటారు. రికార్డు చేసి బెదిరించడానికే. ఒకవేళ ఇరుక్కున్నా సిగ్గుపడి డబ్బు కట్టకండి, కడితే మళ్లీ అడుగుతారు. నేరుగా పోలీసులకు చెప్పండి.

ఇంకో చిన్న విషయం. అనుమానం వస్తే బ్లాక్ చేసే ముందే ప్రొఫైల్, చాట్ స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. చాలా యాప్‌లలో వాళ్లు అన్‌మ్యాచ్ చేస్తే, అంటే మిమ్మల్ని వాళ్ల జాబితాలోంచి తీసేస్తే, చాట్ మీ ఫోన్లోంచి కూడా మాయమవుతుంది.

కలవడానికి ముందు ఒక్కసారైనా వీడియో కాల్ మాట్లాడండి. ముఖాలు మార్చే ఏఐ వచ్చేసింది కాబట్టి అదొక్కటే చాలదు, అయినా మాట్లాడండి. మొదటిసారి జనం ఉండే చోటే, పగటిపూట. మీ బండి మీద మీరే వెళ్లి, మీరే రండి.

అన్నట్టు, మావాడు ఫోటోలు మార్చాడు, గిటార్ సంగతి కూడా రాశాడు. నిన్న మెసేజ్ పెట్టాడు, ఆదివారం ఒకమ్మాయిని కలుస్తున్నాడట. ఎక్కడో, ఎన్నింటికో చెప్పి లైవ్ లొకేషన్ కూడా పంపిస్తానన్నాడు. "గంట తర్వాత ఫోన్ చెయ్‌రా, బోర్ కొడుతుంటే అమ్మ ఫోనని చెప్పి వచ్చేస్తా" అన్నాడు. అలారం పెట్టుకున్నాను.