మద్రాసులో కాపురం పెట్టిన ఇటలీ చిత్రకారుడు

శ్రోతలందరికీ నమస్కారం.

ఈవేళ నేను చెప్పబోయే చిత్రకారుడు ఇటలీవాడు. పేరు ఫ్రాన్చెస్కో క్లెమెంటే. 1952లో నేపుల్స్‌లో పుట్టాడు. రోమ్‌లో ఆర్కిటెక్చర్ చదువుకి చేరి మధ్యలోనే వదిలేశాడు. 1970లలో మన దేశానికి వచ్చి, చూసి వెళ్లిపోకుండా మద్రాసులో భార్య ఆల్బాతో కాపురమే పెట్టాడు. అడయారు దివ్యజ్ఞాన సమాజం లైబ్రరీలో కూర్చుని చదువుకునేవాడు. మన తెలుగు సినిమా ఇంకా మద్రాసులో ఉన్న రోజులవి. సినిమా బ్యానర్లన్నీ చేత్తో వేసే రోజులు. అక్కడి సైన్‌బోర్డు పెయింటర్లతో కలిసి కూడా ఈయన బొమ్మలు చేశాడు.

మిగతా జీవితం గబగబా చెప్పేస్తాను, టైము తక్కువ. మన్నూ ఇనుమూ పేర్చడం, కాగితం మీద ఒక ఆలోచన రాసిపెట్టడం, ఇదే కళ అని యూరప్‌లో చాలామంది అంటున్న కాలంలో, మళ్లీ కుంచె పట్టి మనిషి బొమ్మ వేసిన ఇటాలియన్లలో ఈయనొకడు. 1980లో వెనిస్ బియెన్నాలేతో, అంటే అక్కడ రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళాప్రదర్శనతో, వాళ్ల పేరు మోగింది. ఆ తర్వాత న్యూయార్క్ మకాం. అక్కడ పేరున్న అమెరికా చిత్రకారులు ఆండీ వార్‌హోల్, బాస్కియాలతో కలిసి ఒకే కాన్వాసు మీద ముగ్గురూ బొమ్మలు వేశారు.

ఇక నాకు ఇష్టమైన బొమ్మ. పేరు ‘ఆకలి’. 1980 నాటిది. అమెరికాలో ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది. అందులో ఏముందో రేడియోలో చూపించలేను కదా. దేనిమీద వేశాడో మాత్రం చెప్పగలను. నన్నడిగితే అసలు కథ అక్కడే ఉంది.

పాండిచ్చేరి కాగితం. అవును, మన పక్కనున్న పాండిచ్చేరిలో చేత్తో చేసిన కాగితం. నూలు గుడ్డపీలికలను ముక్కలు చేసి, నీళ్లలో నలగ్గొట్టి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జులో జల్లెడ బిగించిన చట్రాన్ని ముంచి పైకెత్తుతారు. నీరు కారిపోతుంది, పల్చటి పొర నిలుస్తుంది. దాన్ని నొక్కి ఆరబెడితే కాగితం. అంచులు కత్తిరించినట్టు ఉండవు, చిరిగినట్టుంటాయి. చట్రం ఎంతో కాగితమూ అంతే. మనిషి రెండు చేతులా పట్టుకుని ఎత్తగలిగిన చట్రం ఎంతని ఉంటుంది?

మరి ‘ఆకలి’ దాదాపు ఎనిమిది అడుగుల బొమ్మ. అందుకే ఒక్క కాగితం కాదు, 12 కాగితాలు. వాటిని నూలుగుడ్డ పట్టీలతో ఒకదానికొకటి అతికించారు. దానిమీద గువాష్, అంటే చిక్కటి నీటిరంగు. కాన్వాసు మీద నూనె రంగులా మెరవదు. కాగితం తాగేసి, ఆరాక సున్నం వేసిన గోడలా నిగనిగ లేకుండా నిలుస్తుంది. అతుకుల్ని దాచాలని కూడా చూడలేదు. నాకు నచ్చింది అదే. అతుకులు కనబడతాయి. కాగితం చేసినవాళ్ల కొలత బొమ్మలో అలాగే ఉండిపోయింది.

అదే కాలంలో జైపూర్ సూక్ష్మచిత్రకారులతో కలిసి 24 చిన్న బొమ్మలు చేశాడు. పాత కాగితం మీద, అరచేతికి కాస్త పెద్దవి. ఊహ ఈయనది, అలంకారాల సన్నపని చాలావరకు జైపూర్ వాళ్లది. ఆ వరసకి పెట్టిన పేరులో మాత్రం ఒక్క క్లెమెంటే పేరే ఉంది. ఇది నాకు కొంచెం గుచ్చుకుంటుంది. మొగలుల కొలువులో ఒకరు గీతలు గీస్తే మరొకరు రంగులు నింపిన బొమ్మల కింద కొన్నిసార్లు ఇద్దరి పేర్లూ రాసేవారు. ఆ పాటి మర్యాద ఇక్కడా దక్కాల్సింది.

ఈయన చేయి కలపడం మాత్రం మానలేదు. 2010లలో జోధ్‌పూర్ పనివాళ్లతో గుడారాలు కుట్టించి, వాటి లోపలి గోడల నిండా బొమ్మలు వేశాడు. జనం లోపలికి వెళ్లి చూడొచ్చు.

మీరు ఎప్పుడైనా మ్యూజియంకి వెళితే ఒక్క పని చేయండి. బొమ్మ పక్కన చిన్న చీటీ ఉంటుంది. పేరూ సంవత్సరమూ చదివి వదిలేయకండి. కింది లైను కూడా చదవండి. ఏ రంగు, ఏ కాగితం, ఎన్ని ముక్కలు అన్నది అక్కడే రాస్తారు. చదివాక బొమ్మకి కాస్త పక్కగా జరిగి, అతుకులు ఎక్కడున్నాయో వెతకండి.

సెలవు.