ధర పెరిగినప్పుడే భయపడాలి: బంగారు గనిలో డబ్బు లెక్కలు

అందరికీ నమస్కారం. అకౌంట్స్ వాళ్లు, గని ఇంజినీర్లు ఒకే హాల్లో కూర్చోవడం అరుదు. అందుకే ఇద్దరికీ పనికొచ్చే చోట మొదలుపెడతాను.

1999 సెప్టెంబరు చివరి వారంలో బంగారం ఔన్సు 270 డాలర్ల దగ్గర ఉంది. పది రోజులు తిరక్కుండా 325 దాటింది. బంగారం తవ్వి అమ్ముకునే కంపెనీకి అది పండగ కావాలి. కానీ ఆ పది రోజుల్లోనే ఘనా దేశపు అశాంతి గోల్డ్‌ఫీల్డ్స్ దివాలా అంచుకు చేరింది. (అశాంతి అంటే మన చెవికి వేరే అర్థం తడుతుంది గానీ, అది అక్కడి ఒక జాతి పేరు. ఆ రోజుల్లో మాత్రం మన అర్థమే సరిపోయింది.) ఒబుయాసిలో 1897 నుంచి తవ్వుతున్న కంపెనీ అది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో 1996లోనే నమోదైంది. గని కూలలేదు, సమ్మె జరగలేదు. ధర పెరిగింది, అంతే.

ఎలా జరిగిందో చూద్దాం. 1999 మే 7న బ్రిటన్ ప్రభుత్వం తన నిల్వల్లో 415 టన్నులు అమ్ముతానని ప్రకటించింది. ధర జారుతూ జులైలో 253 డాలర్లకు వచ్చింది. ఇంకా పడితే ఎలా అని కంపెనీ రక్షణ, అంటే హెడ్జింగ్, పెంచుకుంది. ధర పడినా ఫలానా రేటుకు అమ్ముకునే హక్కు కొనడం పుట్ ఆప్షన్. దానికి ప్రీమియం కట్టాలి. ఆ ప్రీమియం సొంత జేబులోంచి తీయకుండా ఉండాలంటే ఒక దారి ఉంది. ధర పెరిగితే ఈ రేటుకే మీకు ఇస్తామని బ్యాంకుకు హక్కు అమ్మేయాలి. అది కాల్ ఆప్షన్. కాగితం మీద ఖర్చు సున్నా. పైగా బంగారం అద్దె రేటు, అంటే లీజు రేటు, తక్కువగానే ఉంటుందన్న పందెం కూడా ఈ ఒప్పందాల చిట్టాలో, అంటే హెడ్జ్ పుస్తకంలో, కలిసింది.

సెప్టెంబరు 26న వాషింగ్టన్‌లో పదిహేను యూరప్ కేంద్ర బ్యాంకులు ఐదేళ్లలో 2,000 టన్నులకు మించి అమ్మబోమని ప్రకటించాయి. ధర ఎగిరింది. లీజు రేటు 9 శాతం దాకా పోయింది. జూన్ చివర లాభం చూపిన హెడ్జ్ పుస్తకం అక్టోబరు మొదట్లో దాదాపు 57 కోట్ల డాలర్ల నష్టం చూపింది. పదిహేడు బ్యాంకులు మార్జిన్, అంటే ఆ నష్టానికి పూచీగా నగదు, కట్టమని అడిగాయి.

సరే, ధర పెరిగితే తవ్వే బంగారం విలువా పెరిగిందిగా అంటారు. పెరిగింది. కానీ అది రేపెప్పుడో తవ్వబోయే బంగారం. మార్జిన్ కట్టాల్సింది ఈ రోజు, నగదుగా. హెడ్జ్ పుస్తకం సుమారు కోటి ఔన్సులది. ఏటా తీసేది 15 లక్షల ఔన్సుల చిల్లర. అంటే ఆరేడేళ్ల పంటను ముందే కుదువ పెట్టినట్టు. చివరికి నవంబరు 1న మూడేళ్లు మార్జిన్ అడగబోమని బ్యాంకులు ఒప్పుకున్నాయి, బదులుగా 15 శాతం వాటాకు వారెంట్లు, అంటే ముందే కుదిరిన ధరకు షేర్లు కొనుక్కునే హక్కులు, తీసుకున్నాయి. 2004లో ఆ కంపెనీ ఆంగ్లోగోల్డ్‌లో కలిసిపోయింది.

దీన్నుంచి హెడ్జింగే తప్పు అనే నిర్ణయానికి వచ్చేస్తారు చాలామంది. నేను ఒప్పుకోను. అప్పు తెచ్చి గని కట్టినప్పుడు, మొదటి రెండు మూడేళ్ల కిస్తీలకు సరిపడా అమ్మకానికి కనీస ధర కట్టుకోవడం వివేకమే. తప్పంతా పరిమాణంలో, షరతుల్లో ఉంది. బోర్డు ముందు పెట్టాల్సిన పాలసీ ఒక పేజీ దాటక్కర్లేదు. రాబోయే ఏడాది ఉత్పత్తిలో మూడో వంతుకు మించి కట్టేయకూడదు, ఆ తర్వాతి ఏళ్లకు ఇంకా తగ్గాలి. కాల్ అమ్మితే ఆ ఔన్సులు ఆ నెలలో తప్పక ఉత్పత్తి అయ్యేవై ఉండాలి. మార్జిన్ షరతు ఉన్న ఒప్పందం మీద సంతకం చేయకూడదు. నాలుగోది అందరూ మరిచిపోయేది: ప్రతి నెలా బోర్డుకు వెళ్లే కాగితంలో ధర 20 శాతం పడితే ఏమవుతుందో కాదు, 30 శాతం పెరిగితే చేతి నుంచి ఎంత పోతుందో ఒక వరుస ఉండాలి. అశాంతి బోర్డు ముందు ఆ వరుసను నెలనెలా పెట్టి ఉంటే కథ వేరేగా ఉండేదని నా అభిప్రాయం.

పెద్దవాళ్లకూ ఈ దెబ్బ తప్పలేదు. బారిక్ గోల్డ్ 2009లో తన హెడ్జ్ పుస్తకాన్ని మూసేయడానికి 560 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది, షేర్లు అమ్మి డబ్బు తెచ్చుకుంది.

ఇప్పుడు గని లోపలికి వద్దాం. ధర మన చేతిలో లేదు. చేతిలో ఉన్న వాటిలో పెద్దది గ్రేడ్, అంటే టన్ను ఖనిజంలో ఎన్ని గ్రాముల బంగారం అనేది. పిండికొద్దీ రొట్టె అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఒక లెక్క చూడండి. మిల్లు ఏడాదికి 10 లక్షల టన్నులు నలుపుతుంది. గ్రేడ్ టన్నుకు 2 గ్రాములు, రికవరీ (ఖనిజంలోని బంగారంలో చేతికొచ్చే వాటా) 90 శాతం. వచ్చేది 18 లక్షల గ్రాములు. ఔన్సుకు 31.1 గ్రాములు కాబట్టి సుమారు 57,900 ఔన్సులు. తవ్వకం, మిల్లు, ఆఫీసు కలిపి టన్నుకు 60 డాలర్ల ఖర్చు, మొత్తం 6 కోట్లు. ఔన్సుకు 1,037 డాలర్లు పడింది. మరుసటి ఏడాది గ్రేడ్ 1.5కు జారింది. ఖర్చు ఒక్క డాలరూ పెరగలేదు. ఔన్సు ఖర్చు మాత్రం 1,382 అయింది. ఇది తెలియని ఎండీ కొనుగోలు విభాగాన్ని పిలిచి సయనైడ్ ఖరీదు గురించి కేకలేస్తాడు.

గ్రేడ్ ఎందుకు జారుతుంది? భూమి మారడం వల్ల కొంత. ఎక్కువసార్లు ధర పెరగడం వల్లే. కటాఫ్ గ్రేడ్ అని ఒకటుంది. పిట్ నుంచి బయటికొచ్చిన లారీ మిల్లుకు వెళ్లాలా, వ్యర్థాల గుట్టకు వెళ్లాలా అని తేల్చే గీత అది. మిల్లు, ఆఫీసు ఖర్చు టన్నుకు 25 డాలర్లు అనుకోండి, రికవరీ 90 శాతం, రాయల్టీ 5 శాతం. ఔన్సు 1,200 డాలర్లయితే గ్రాము మీద చేతికొచ్చేది 33 డాలర్లు, కాబట్టి గీత 0.76 గ్రాముల దగ్గర. ఔన్సు 2,000 అయితే గ్రాముకు 55 డాలర్లు, గీత 0.45కు దిగుతుంది. నిన్న చెత్త అని పారబోసిన 0.5 గ్రాముల రాయి ఈ రోజు ఖనిజం. పుస్తకాల్లో నిల్వలు పెరిగాయని పత్రికా ప్రకటన కూడా వెళ్తుంది. కానీ మిల్లు అదే మిల్లు, నలిపేది అవే 10 లక్షల టన్నులు. 0.5 గ్రాముల రాయి 2 గ్రాముల రాయి చోటు ఆక్రమిస్తుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం ఇలాగే మొదలవుతుంది.

మిల్లులో ఖాళీ ఉంటే తక్కువ గ్రేడ్ వేసుకోవచ్చు. లేకపోతే దాన్ని విడిగా గుట్ట పోసి, గని చివరి రోజులకు ఉంచాలి. నిల్వల లెక్కకు బజారు ధరను వాడకపోవడం కూడా అందుకే. 2023లో సగటు ధర 1,940 డాలర్లుంటే న్యూమాంట్ తన నిల్వలను 1,400కు, బారిక్ 1,300కు లెక్కగట్టాయి. ఆ క్రమశిక్షణ ఊరికే రాలేదు, వాతలు పడ్డాక వచ్చింది.

2010లో కిన్‌రాస్ కంపెనీ మారిటేనియాలోని తాసియాస్ట్ గని కోసం దాని యజమాని రెడ్ బ్యాక్ కంపెనీని 710 కోట్ల డాలర్లకు కొంది. ఏడాదిన్నర తిరక్కుండానే అందులో పెద్ద భాగం నష్టంగా రాసేసింది. చిలీ, అర్జెంటీనా సరిహద్దులో ఆండీస్ కొండల మీద బారిక్ మొదలుపెట్టిన పాస్కువా లామా అంచనా 300 కోట్ల దగ్గర మొదలై 850 కోట్లకు చేరింది. 2013 ఏప్రిల్‌లో రెండు రోజుల్లో ధర ఔన్సుకు 200 డాలర్లు పడిపోయింది. అక్టోబరులో ప్రాజెక్టు ఆగింది, ఆ ఏడాది కంపెనీ నష్టం 1,000 కోట్ల డాలర్లు దాటింది. ధర పెరుగుతున్న ఏళ్లలో వేసిన లెక్కలు ఇవి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. ఈ వ్యాపారంలో దానికి అర్థం, ధర బాగున్న ఏడాది అప్పు తీర్చడం, పక్కవాడి గని కొనడం కాదు.

ఆ పతనం తర్వాతే 2013 జూన్‌లో వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ 'ఆల్ ఇన్ సస్టెయినింగ్ కాస్ట్' అనే కొలత తెచ్చింది. అంతకుముందు 'క్యాష్ కాస్ట్' అని గని గేటు వరకు ఖర్చే చెప్పుకునేవారు. కొత్త కొలతలో హెడ్డాఫీసు ఖర్చు, ఉన్న గనిని నడిపించడానికి కావాల్సిన యంత్రాలు, అన్వేషణ, గని మూసివేత భారం కలిశాయి. ఆదాయపు పన్ను, వడ్డీ, కొత్త గని పెట్టుబడి ఇప్పటికీ బయటే. అది చూసి లాభం లెక్కగట్టే ఇన్వెస్టర్లు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనూ ఉన్నారు. వాళ్లకు వడ్డీ గుర్తు చేయండి.

ఈ కొలతకు బోనస్ ముడిపెడితే ఏమవుతుందో దగ్గర్నుంచి చూడాలి. పైన చెప్పిన గనే తీసుకోండి. ఓపెన్ పిట్‌లో ఒక టన్ను ఖనిజానికి ఐదు టన్నుల మట్టి, రాయి తీయాలి. అంటే ఏటా 50 లక్షల టన్నుల వ్యర్థం, టన్నుకు 3 డాలర్లు. మేనేజరు ఈ ఏడాది మూడు టన్నులే తీశాడు. 20 లక్షల టన్నులు మిగిలాయి, 60 లక్షల డాలర్లు ఆదా. ఔన్సుకు 104 డాలర్లు తగ్గింది. అందరికీ బోనస్ వచ్చింది. మరుసటి ఏడాది కింది బెంచీలోని (పిట్‌లో కింది మెట్టులోని) ఖనిజం చేరాలంటే 70 లక్షల టన్నులు తీయాలి. లారీలు 50 లక్షలకే ఉన్నాయి. కాంట్రాక్టరు వర్షాకాలంలో రేటు పెంచుతాడు. ఖనిజం అందక మిల్లు ఆ పాత గుట్టలోని 0.5 గ్రాముల రాయి తింటుంది. గోడలు నిటారుగా వదిలితే జారిపడే ప్రమాదం అదనం. కాబట్టి సీఎఫ్ఓ (ఆర్థిక విభాగం అధిపతి) నెలనెలా ఔన్సు ఖర్చుతో పాటు ప్లాను ప్రకారం తీయాల్సిన వ్యర్థం ఎంత, తీసింది ఎంత అనే అంకెను అదే పేజీలో చూడాలి.

ఇక నెలాఖరు. సిమెంటు కంపెనీలో స్టాక్ కంటికి కనిపిస్తుంది. ఇక్కడ బంగారం బురదలో ఉంటుంది. మిల్లులో నలిగిన ఖనిజం సయనైడ్ నీళ్లతో ట్యాంకుల్లో తిరుగుతుంది, కరిగిన బంగారాన్ని బొగ్గు పలుకులు పట్టుకుంటాయి. మొదటి ట్యాంకు 500 ఘనపు మీటర్లది అనుకోండి. ఆపరేటరు ఒక లీటరు బురద ముంచి, జల్లెడ పట్టి, బొగ్గు తూస్తాడు. 10 గ్రాములు వచ్చింది. అంటే ట్యాంకులో 5 టన్నుల బొగ్గు. టన్ను బొగ్గు మీద 3 కిలోల బంగారం ఉంటే 15 కిలోలు. అదే లీటరులో 9 గ్రాములు తూగితే కిలోన్నర బంగారం పుస్తకాల నుంచి మాయం. ఔన్సు 2,000 దగ్గర అది 96,000 డాలర్లు, 3,000 దగ్గర ఒకటిన్నర లక్షలకు దగ్గర. ముంచిన లోతు తేడా వల్ల, బురదను కలియతిప్పే ఆజిటేటరు నెమ్మదించడం వల్ల కూడా ఆ ఒక్క గ్రాము మారుతుంది. అందుకే మూడు లోతుల్లో ముంచాలి, నెలాఖరున అకౌంట్స్ మనిషి ఒకరు అక్కడ నిలబడాలి. బూట్లు పాడవుతాయి, ఫరవాలేదు.

దాని పైన ఉండే అంకె మైన్ కాల్ ఫ్యాక్టర్. గని శాంపిళ్ల ప్రకారం రావాల్సిన బంగారంలో, కడ్డీగా వచ్చింది, టెయిలింగ్స్‌లో (మిల్లు వదిలే వ్యర్థపు బురదలో) పోయింది కలిపి ఎంత శాతం అని. అది మూడు నెలలు వరసగా 85 దగ్గర ఉంటే మూడు కారణాలే: శాంపిల్ గొప్పగా చూపింది, లేదా నలిగేటప్పుడు ఎక్కడో పేరుకుపోతోంది, లేదా దొంగతనం. మొదటిది సర్వసాధారణం, అందరూ అనుమానించేది మూడోదాన్ని. కడ్డీ రిఫైనరీకి వెళ్లాక మన పరీక్ష, వాళ్ల పరీక్ష తేడా హద్దు దాటితే మూడో ల్యాబుకు పంపే షరతు ఒప్పందంలో ఉండాలి. సీలు వేసిన శాంపిల్ లేకపోతే ఆ షరతు చెల్లదు.

చివరగా మన సంగతి. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరిలో ప్రైవేటు బంగారు గని వచ్చాక ఇక్కడి కుర్రాళ్లకు ఈ లెక్కలతో పని పడింది. మన చట్టంలో బంగారం రాయల్టీ లండన్ ధర మీద 4 శాతం, కానీ అది తవ్విన ఖనిజంలో ఉన్న బంగారం మీద, అమ్మిన బంగారం మీద కాదు. వంద గ్రాములున్న ఖనిజం తవ్వి 90 గ్రాములే తీసినా కట్టేది వందకు. అమ్మిన దాని మీద చూస్తే 4.44 శాతం. 2015 జనవరి 12కు ముందు లీజులకు రాయల్టీలో 30 శాతం జిల్లా ఖనిజ నిధికి కూడా కట్టాలి, అప్పుడు 5.8 దగ్గర పడుతుంది. వేలంలో తీసుకున్న లీజుకు ఆ నిధి 10 శాతమే, కానీ వేలం ప్రీమియం నెత్తిన ఉంటుంది. బంగారం ధర పెరిగిన ప్రతిసారీ ఇవన్నీ ఖర్చు వైపే పెరుగుతాయి. ఏడాది బడ్జెట్లో రాయల్టీని స్థిరమైన రూపాయల్లో రాసిన కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే, ఈ సాయంత్రం తీసి దిద్దండి. టెయిలింగ్స్‌లోకి పోయే ప్రతి గ్రాముకూ రాయల్టీ కట్టేశారు కాబట్టి, రికవరీ ఒక శాతం పెంచే పని ఏదైనా ఉంటే దాని విలువలో అదీ కలపండి. ప్రశ్నలుంటే అడగండి.